పాలిథిన్ మీద ఇంకు చక్కగా పరుచుకుంటోంది, కానీ పట్టు లేదు – కారణం ఏమిటి?

ప్రశ్న – జీడిమెట్ల ప్రింటర్

నమస్కారం. జీడిమెట్లలో మాకు చిన్న ఫ్లెక్సో (మెత్తని పలకలతో ఫిల్ము మీద అచ్చు వేసే) యూనిట్ ఉంది. మిఠాయి, బట్టల దుకాణాలకు పాలిథిన్ కవర్లు అచ్చు వేసి ఇస్తాము. ఈ నెల ఒక ఆర్డరులో ఇంకు ఎక్కడా ముడుచుకోకుండా సమంగా పరుచుకుని, బాగానే ఆరింది. అయినా మరునాడు సెలోటేపు అంటించి లాగితే అక్షరాలన్నీ టేపుతో పాటే వచ్చేశాయి. ఇంకు ఇచ్చినవారు ఫిల్మును తప్పుపడుతున్నారు, ఫిల్ము ఇచ్చినవారు ఇంకును తప్పుపడుతున్నారు. దీనికి తోడు, ఈ ఎండలకు మధ్యాహ్నానికల్లా ఇంకు చిక్కబడుతోంది. థిన్నరు పోస్తే రంగు పలచబడుతోంది. అంత బాగా పరుచుకున్న ఇంకు ఎందుకు అంటుకోలేదో పెద్దలు చెప్పగలరు.

జవాబు – రసాయనశాస్త్రం మాస్టారు

పరుచుకోవడం వేరు, పట్టుకోవడం వేరు. ద్రవపు తలతన్యత ఘనపదార్థపు ఉపరితల శక్తి కంటే తక్కువగా ఉంటే ఆ ద్రవం సాధారణంగా పరుచుకుంటుంది. 20 డిగ్రీల వద్ద నీటి తలతన్యత సెంటీమీటరుకు సుమారు 72.8 డైన్లు, మామూలు పాలిథిన్ ఉపరితల శక్తి 31 దరిదాపు. కవరు మీద నీళ్ళు బొట్లు బొట్లుగా నిలబడడం అందువల్లే. మీ ఇంకులోని ఆల్కహాలుకు మాత్రం తలతన్యత 22 ప్రాంతంలోనే ఉంటుంది కనుక ఎలాంటి పాలిథిన్ ఫిల్ము మీదనైనా అది పరుచుకుని మనల్ని మభ్యపెడుతుంది. ఆ ద్రావణి ఎగిరిపోయాక మిగిలే రెజినుకు (రంగును పట్టి ఉంచే బంక పదార్థానికి) పట్టు దొరకాలి; పాలిథిన్ అణువులో కార్బన్, హైడ్రోజన్ తప్ప మరేమీ లేవు కాబట్టి, బలమైన ఆకర్షణకు అక్కడ ఆస్కారం తక్కువ. అందుకే ఫిల్ముకు ముందుగా కరోనా ట్రీట్‌మెంట్ చేస్తారు; అందులో అధిక వోల్టేజీ విద్యుత్ ఉత్సర్గం ఆ పై పొరను ఆక్సీకరించి ఆక్సిజన్ ఉన్న సమూహాలను ఏర్పరుస్తుంది. అచ్చుకు ఫిల్ము ఉపరితల శక్తి 38 నుంచి 42 డైన్లు ఉండాలని కోరేది ఇందుకే. డైన్ పెన్నుతో (దాని మీద రాసిన అంకె తలతన్యత గల ద్రవం నింపిన పెన్నుతో) గీసి చూడండి: గీత రెండు సెకన్ల పాటు విరగకుండా నిలిస్తే ఆ అంకె వరకు ఫిల్ము సరిపోయినట్టే.

జవాబు – బాలానగర్ పాత కాపు

మాస్టారు గారి మాటతో ఏకీభవిస్తూ, షాపులో జరిగేది చెబుతాను. చాలా రోల్స్‌కు ఒక వైపే ట్రీట్‌మెంట్ ఉంటుంది. రోల్ తిరగేసి ఎక్కిస్తే మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది, కాబట్టి పెన్ను రెండు వైపులా గీయండి. రెండోది, ట్రీట్‌మెంట్ శాశ్వతం కాదు. ఫిల్ము జారుడుగా ఉండడానికి కలిపే స్లిప్ మందు రోజులు గడిచేకొద్దీ పైకి తేలి మైనం పూసినట్టు కప్పేస్తుంది, వేడికి ఇంకా త్వరగా. అలాగని ట్రీట్‌మెంట్ మితిమీరితే రోల్‌లో పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి.

థిన్నరు కంటికి తోచినంత పోయడం వల్లనే రంగు పోతోంది. ఇంకును బాగా కలియబెట్టిన తరువాతే బీ4 కప్పులో (చిక్కదనం కొలిచే, అడుగున రంధ్రమున్న కప్పులో) పోసి, ధార తెగేవరకు సెకన్లు లెక్కించండి. కదలకుండా ఉన్న ఇంకులో పిగ్మెంటు రేణువులు వలలా కూడి చిక్కబడతాయి, కలిపితే ఆ వల విడిపోతుంది. కలపకుండా కొలిచి థిన్నరు పోస్తే అవసరానికి మించి పోసినట్టే. ఉదయం వచ్చిన సెకన్లకు చేరేవరకే కొంచెం కొంచెంగా పోసి, బకెట్టుకు మూత పెట్టండి.

జవాబు – చర్లపల్లి టెస్టింగ్

ఒక చిన్న అభ్యంతరం. టేపు పరీక్ష కూడా మోసం చేయగలదు. టేపు జిగురు సగం ద్రవం, సగం రబ్బరు వంటిది. మెల్లగా లాగితే సాగుతుంది, ఒక్కసారిగా లాగితే గట్టిబడుతుంది, కనుక ఒకే నమూనాకు రెండు ఫలితాలు రావచ్చు. ఒకే టేపు, ఒకే కోణం, ఒకే వేగం పాటించకుండా ఎవరి మీదా నింద వేయకండి. డైన్ ద్రవాల్లో ఫార్మమైడ్ ఉండవచ్చు, చేతికి తొడుగులు మరవద్దు. తగవు తేలకపోతే చర్లపల్లిలోని సిపెట్‌లో (ప్లాస్టిక్‌లకు సంబంధించిన కేంద్ర ప్రభుత్వ సంస్థలో) ఫిల్ము నమూనా ఇచ్చి పరీక్ష చేయించుకోవచ్చు.

జవాబు – జీడిమెట్ల ప్రింటర్

అందరికీ కృతజ్ఞతలు. 38 పెన్ను అచ్చు వేసిన వైపు గీయగానే చిన్న చిన్న బొట్లుగా విడిపోయింది, వెనక వైపు మాత్రం గీత చెదరలేదు. రోల్ తిరగేసి ఎక్కించి కొన్ని మీటర్లు నడిపాము. టేపు ఒకే వేగంతో మూడుసార్లు లాగినా అక్షరం కదలలేదు. తప్పు మాదే కనుక ఇద్దరు సరఫరాదారులకూ ఫోను చేసి చెప్పాను. బీ4 కప్పు రేపు వస్తుంది.