సీరియూ రాయి పెంచే కఠినత్వాన్ని డ్రిఫ్ట్‌వుడ్ తగ్గిస్తుందా?

రాతితోట: 60 లీటర్ల చేపల ట్యాంకు, అలంకరణకి 8 కిలోల సీరియూ రాయి, 2 కిలోల డ్రిఫ్ట్‌వుడ్ (నీళ్లలో పెట్టే ఎండు చెక్క), కింద ఆక్వాసాయిల్ (మొక్కల కోసం పరిచే మట్టి గుళికలు) అనుకుందాం. ఆ రాయితో నీళ్లు కఠినమైపోతాయని అందరూ భయపెడతారు. చెక్కలోంచి దిగే టానిన్లు ఆమ్లాలే కదా, రాయి పెంచినదాన్ని అవే సర్దేస్తాయని నా వాదన. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నీటిలెక్క: సర్దవండీ. ఆ రాయి మీద తెల్లటి చారలు కనిపిస్తాయి చూడండి, అది కాల్సైట్, అంటే కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే అది కరిగి కాల్షియం నీళ్లలోకి వస్తుంది. చెక్క ఆమ్లం కేహెచ్‌ని (నీళ్లలో కార్బొనేట్ల కొలత, పీహెచ్ పడిపోకుండా ఆపేది అదే) కాస్త తినొచ్చు, కాల్షియం మాత్రం ఎక్కడికీ పోదు. కాబట్టి జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియంల కొలత, అంటే నీటి కఠినత్వం) తగ్గకపోగా పెరుగుతుంది. మొక్కల కోసం నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించే ట్యాంకులో రాయి ఇంకా త్వరగా కరుగుతుంది.

ఇంకో మాట. టానిన్లు దిగి నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరిగితే చాలు, పీహెచ్ పడిపోయిందనుకుంటారు. కేహెచ్ 6 దగ్గరుంటే అంత రంగు వచ్చినా పీహెచ్ పెద్దగా కదలదు. రంగుని నమ్మకండి, కొలవండి.

రాతితోట: వెనిగర్ చుక్క వేస్తే బుడగే రాని సీరియూ ముక్కలు కూడా ఉంటాయి. వాటి సంగతేంటి?

నీటిలెక్క: వెనిగర్‌లో ఆమ్లం 5 శాతమే. మురికి పట్టిన పైపొర మీద వేస్తే ఏమీ కనబడదు. తెల్ల చార మీద మేకుతో గీకి, ఆ పొడి మీద వెయ్యండి. అంతకంటే నమ్మకమైనది బకెట్ పరీక్ష: 10 లీటర్ల ఆర్వో నీళ్లలో కిలోన్నర రాయి (మీ ట్యాంకులో ఉన్న పాళ్లు దాదాపు ఇవే) వేసి, మొదటి రోజూ ఏడో రోజూ కేహెచ్, జీహెచ్ రెండూ రాసుకోండి. ఎంత తేడా వస్తే అంత, ఇక వాదన అక్కర్లేదు.

ఇసుకమేట: నీటిలెక్క గారి రసాయనం సరే, కానీ అందరూ భయపడాల్సిన పని లేదు. గప్పీలు, మోలీలు, నియోకారిడినా రొయ్యలు ఆ నీళ్లలో హాయిగా ఉంటాయి. వారానికి సగం నీళ్లు మారిస్తే అంకెలు అదుపులోనే ఉంటాయి. కారిడినా రొయ్యలకైతే కేహెచ్ 0-1 కావాలి, అక్కడ ఈ రాయి పనికిరాదు. అసలు నష్టం ఆక్వాసాయిల్‌కి. అది కేహెచ్‌ని లాగేస్తూ ఉంటుంది, రాయి మళ్లీ వదులుతూ ఉంటుంది. ఆ పోటీలో సాయిల్ శక్తి ముందే అయిపోతుంది.

రాతితోట: జీహెచ్ విషయం ఒప్పుకుంటున్నాను, అది నా లెక్కలోకి రాలేదు. మెత్తటి నీళ్లే కావాలంటే చెక్క ఉంచి రాయి మార్చాలన్నమాట.

ఇసుకమేట: అంతే. డ్రాగన్ రాయి గానీ లావా రాయి గానీ తీసుకోండి. డ్రాగన్ రాయి బొక్కల్లో బంకమట్టి ఉంటుంది, బ్రష్‌తో పూర్తిగా తోమకపోతే నీళ్లు మసకేస్తాయి. చెక్క తేలకూడదని రాళ్ల మధ్య ఇరికించి వదిలేయకండి. అది పైకి తన్నితే రాయి జారి గాజుకి తగులుతుంది. అడుగున పలక రాయికి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూతో బిగించి, ఆ పలకని సాయిల్ కింద కప్పెయ్యండి. మొదటి వారాల్లో చెక్క మీద తెల్లటి జిగురు పొర కడితే కంగారుపడి ఉడకబెట్టకండి, దానంతటదే పోతుంది.