అక్క కూతురు తిండి మానేస్తోంది: బృంద కౌన్సెలింగ్ పనికొస్తుందా?

పర్లాకిమిడి పిన్ని:

మాది పర్లాకిమిడి. అక్కా బావా సూరత్‌లో ఉంటారు. వాళ్లమ్మాయికి పంతొమ్మిదేళ్లు. బరంపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేది. దసరా సెలవులకు నా దగ్గరికి వచ్చింది, ఇక తిరిగి వెళ్లలేదు.

పిల్ల తినడం లేదు. ఈ మాట అంటే మా వీధిలో ఎవరూ పట్టించుకోరు, ఈ కాలం పిల్లలంతా అంతేనంటారు. వాళ్లు నా ఇంట్లో ఒక్క పూట కూర్చుని చూడాలి. రెండు చెంచాల అన్నాన్ని పళ్లెం నిండా పలచగా పరుస్తుంది. దాల్మాలో బంగాళాదుంపలన్నీ ఏరి పక్కన పెట్టి, ఒకే ఒక్క అరటికాయ ముక్కను నములుతూ కూర్చుంటుంది. మా వారికి పులిహోర, మా అబ్బాయికి చకులి పిఠా తనే చేస్తుంది, మళ్లీ వడ్డించుకోమని బతిమాలుతుంది కూడా. అర్ధరాత్రి దాకా ఫోనులో వంటల వీడియోలే. ఎండ కాస్తున్నా స్వెట్టర్ విప్పదు. నెలసరి ఆగిపోయి చాలా కాలమైంది.

దీనికి తోడు భక్తి. మార్గశిర లక్ష్మీవారాలతో మొదలైంది. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకు, మధ్యలో ఏకాదశులు. దేవుళ్లందరినీ ఒకేసారి పట్టుకుంది. పక్కింటావిడ ఎంత నిష్ఠ అని మురిసిపోతోంది. నాకు ఒళ్లు మండుతోంది.

ఒక డాక్టరుకు చూపిస్తే టానిక్కు రాశారు. ఇంకొకాయన పెళ్లి చేయమన్నారు.

ఇప్పుడు పిల్ల ఏమంటోందంటే, తనలాంటి అమ్మాయిలే ఉన్న ఒక ఫోను గ్రూపు ఉందట, అందులో చేరితే చాలట, డాక్టర్లు వద్దట. చేరనివ్వాలా? కౌన్సెలింగ్ ఏ భాషలో ఇప్పించాలి? కాలేజీలో ఒడియా బాగానే మాట్లాడుతుంది కానీ కోపం వచ్చినా ఏడుపు వచ్చినా తెలుగే.

గుణుపురం పెద్దాయన:

అమ్మా, దిష్టి తీయించండి. పూటపూటకూ నెయ్యి దండిగా వేసి ముద్దలు కలిపి దగ్గరుండి తినిపించండి. మొండికేస్తే ఓ దెబ్బ వేయండి. మా రోజుల్లో ఈ జబ్బులు లేవు.

జయపురం నర్సు:

పెద్దాయన గారూ, 1870లలోనే లండన్ వైద్యుడు విలియం గల్ తిండి మానేసే ఇలాంటి జబ్బుకు అనొరెక్సియా నర్వోసా అని పేరు పెట్టాడు. మీ రోజులకు చాలా ముందు మాట. దిష్టి తీయించుకుంటే నష్టం లేదు కానీ, నెయ్యన్నం సలహా మాత్రం ప్రమాదం. చాలాకాలం ఎండిన ఒంట్లోకి ఒక్కసారిగా తిండి వెళితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ చెరల నుంచి బయటపడిన ఖైదీల్లో కొందరు తిండి దొరికాక ఇలాగే చనిపోయారు. అందుకే ఎంతతో మొదలుపెట్టాలో, ఎంత వేగంగా పెంచాలో డాక్టరు చెప్పాలి.

పిన్ని గారూ, చూడకుండా జబ్బు పేరు నేను చెప్పకూడదు. కానీ నెలసరి ఆగడం, చలి, పళ్లెంలో ఆ పరచడం కలిపి చూస్తే నేనైతే వచ్చే వారం దాకా ఆగను. ముందు నాడి, రక్తపోటు, ఇసిజి (గుండె పరీక్ష), పొటాషియం, ఫాస్ఫేటు, మెగ్నీషియం, చక్కెర చూపించండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తగ్గినా, కళ్లు తిరిగి పడినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంకో మాట, రిపోర్టులన్నీ మామూలుగా వచ్చినంత మాత్రాన పిల్ల బాగుందని కాదు. ఈ జబ్బులో రక్తపరీక్షలు చాలాసార్లు బాగానే కనిపిస్తాయి.

వంటల వీడియోల సంగతి చూసి తిండి మీద ఇష్టం ఉందిలే అనుకోకండి. 1944-45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి గమనించాడు. అంతకుముందు వంటింటి ముఖం చూడనివాళ్లు కూడా వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. పళ్లెం ముందు గంటలు గడిపారు, చిరాకు పడ్డారు, ఒంటరులయ్యారు. మీ పిల్ల మొండితనంలో సగం ఆకలి చేసే పనే. కడుపు కొంత నిండేదాకా ఎంత మంచి కౌన్సెలింగ్ అయినా తలకెక్కదు.

చిన్న వయసువాళ్లకు బాగా పనిచేసేది కుటుంబ చికిత్స. లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకుంది. మొదట్లో ఏం తినాలో, ఎంత తినాలో ఇంటి పెద్దలే నిర్ణయించి పక్కన కూర్చుంటారు. బరువు కుదుటపడే కొద్దీ ఆ అధికారం మెల్లగా పిల్ల చేతికి తిరిగి ఇస్తారు. తిట్టడం, కొట్టడం అందులో లేవు. అమ్మా నాన్నా సూరత్‌లో ఉన్నారు కాబట్టి ఆ కుర్చీ మీదే.

బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాలలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ తెలుగుకు కొదవ లేదు. ఈలోగా మీరు మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగువాళ్లు కావాలని అడగండి.

రాయగడ అమ్మాయి:

గ్రూపు గురించి నేను చెబుతాను. నాది వేరే రకం జబ్బు, ఎక్కువగా తినేసి వాంతి చేసుకోవడం. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పై పళ్ల లోపలి వైపు అరిగిపోవడం చూసి పళ్ల డాక్టరు కనిపెట్టారు. (వాంతి చేసుకునేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: వెంటనే బ్రష్ చేయకండి, నీళ్లతో పుక్కిలించండి. తరువాత సంగతి తరువాత.)

పెద్ద దిక్కు లేని ఫోను గ్రూపులో నేనూ ఉన్నాను. అక్కడ ఎవరు తక్కువ తిన్నారన్నదే పోటీ. మణికట్టు ఫొటోలు, తూకం అంకెలు, ఇంట్లోవాళ్లను ఎలా నమ్మించాలన్న చిట్కాలు. వ్రతాల సాకు కూడా అక్కడ చూసిందే. అలాంటి దాంట్లో మాత్రం చేరనివ్వకండి.

విశాఖలో ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక సైకాలజిస్టు నడిపే బృందంలో చేరాను. కాలు పెట్టేముందే ఆవిడ నాతో విడిగా మాట్లాడారు, డాక్టరు చూస్తున్నారని రూఢి చేసుకున్నారు. బరువు, కేలరీలు, దుస్తుల సైజు, ఏం చేసి తిండి దాచామన్న వివరం, ఇవేవీ నోటి నుంచి రాకూడదు. ఒకామె తన తూకం చెప్పబోతే మేడమ్ మధ్యలోనే ఆపేశారు. మరి ఏం మాట్లాడేవాళ్లమంటే, పెళ్లి భోజనానికి వెళ్లినప్పుడు ‘చిక్కావే’ అన్న పెద్దమ్మకు ఏం జవాబివ్వాలి, తిన్న తరువాత ఆ గంట ఎలా గడపాలి, ఇలాంటివి. వారం వారం ఒక పని ఒప్పుకుని వచ్చేవాళ్లం. నా పని నాలుగు గంటలకు మించి ఖాళీ కడుపుతో ఉండకపోవడం. చెప్పడానికి చిన్నదే, నాకు మాత్రం కొండ ఎత్తినట్టుండేది.

రాయగడ వచ్చేశాక వీడియోలోనే కొనసాగించాను. మన ఊళ్లలో కౌన్సెలింగ్ గదిలోకి అడుగు పెడితే సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది కదా.

మీ పిల్లకు ఇప్పుడే బృందం వద్దు. ముందు డాక్టరు, తరువాత విడిగా కౌన్సెలింగ్, ఒళ్లు కాస్త కుదుటపడ్డాక బృందం. ఈలోగా కుటుంబాల కోసం నడిపే బృందం దొరికితే మీరు చేరండి.

పర్లాకిమిడి పిన్ని:

ఇద్దరికీ నమస్కారం. అక్కకు ఫోను చేశాను, బావకు సెలవు దొరకదట, తను వస్తోంది. విశాఖే వెళ్తాం. కానీ పిల్ల మేజరు, రానంటే? లక్ష్మీవారం ఉపవాసం మానమంటే అపచారం అంటుందే?

జయపురం నర్సు:

పూజ చేయనివ్వండి, ఉపవాసం వద్దనండి. ఒంట్లో బాగాలేనివాళ్లు ఉపవాసం ఉండనక్కర్లేదని మీ పురోహితుడి చేతే చెప్పించండి, మీరు చెబితే వాదన అవుతుంది. రానంటే లావు, సన్నం మాటే ఎత్తకండి. చలి, నీరసం, నెలసరి కోసం చూపించుకుందామనండి, అది అబద్ధం కాదు. తను డాక్టరుతో విడిగా చెప్పుకునే మాటలు మీకు చెప్పరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అది తన హక్కు, అలిగి కూర్చోకండి. స్పృహ తప్పినా, గుండె దడ వచ్చినా మాత్రం ఒప్పుకోలు కోసం ఎదురుచూడకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.

రాయగడ అమ్మాయి:

బరువు చూసేటప్పుడు తూకం వైపు వీపు పెట్టి నిలబెట్టమని, అంకె పైకి చదవొద్దని అక్కడి నర్సుకు ముందే చెప్పండి. అలాగే డాక్టరు చెప్పేదాకా తను ఇప్పుడు తింటున్నది తగ్గకుండా చూడండి. ప్రయాణంలో పూట తప్పించడం తేలిక కాబట్టి తనకు అలవాటైన తిండే డబ్బాలో పెట్టుకుని, మీరూ తనతో పాటు తినండి.