గోగు ఊరేసిన చెరువు వాసన ఎవరికైనా గుర్తుందా?

మాది రాజాం దగ్గర పల్లె, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. దసరా సెలవులంటే నాకు ముందు గుర్తొచ్చేది నార కోసం గోగు కట్టలు ఊరేసిన చెరువే. తాతయ్య మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కాడ మొదట్లో విరిచి ఒక్క లాగు లాగితే నార మొత్తం ఊడి చేతికొచ్చేది. తెల్ల పుల్లలు మా కత్తియుద్ధాలకి. వాసన మాత్రం మూడుసార్లు సబ్బు పెట్టినా పోదు, అన్నం ముద్దలోనూ అదే! మీ వైపు ఇంకా వేస్తున్నారా?

గజపతినగరం నుంచి:
బాగా తగ్గిందండి. కూలీలు దొరక్క మా నాన్న మొక్కజొన్నకి మారిపోయారు. నార డబ్బులతోనే మాకు పండగ బట్టలు. అవి వేసుకుని దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను జాతరకి. ఆ జనంలో ఏటా నాదో చెప్పు పోయేది.

పలాస నుంచి:
మాకు అక్టోబరంటే టెన్షనే బాబూ. 2018లో తిత్లీ తుపానుకి జీడితోట, కొబ్బరి చెట్లు నేలకూలాయి. ఇప్పటికీ వరి పొట్ట మీదున్నప్పుడు గాలి తిరిగితే మా అమ్మ అర్ధరాత్రి లేచి వాకిట్లో నిలబడుతుంది.

అడిగినవారు:
చెప్పు సంగతి నాదీ అంతే! అన్నట్టు, ఆ పుల్లలు పొయ్యిలోకని నాయనమ్మ అటకెక్కించేది. మేం దొంగిలించేవాళ్లం.