దరిద్రుడు, పేదవాడు, లేనోడు: మూడూ ఒకటేనా?

ప్రశ్న (తణుకు): పేపర్లలో 'దారిద్య్రరేఖ' అనీ 'దారిద్ర్యరేఖ' అనీ రెండు రకాలుగా వస్తోందండి. ఏది ఒప్పు? మన వైపు 'దరిద్రుడా' అంటే తిట్టు కదా, సర్కారు కాగితాల్లో ఆ మాటే ఎందుకు? 'పేదరిక రేఖ' అనకూడదా?

జవాబు (అమలాపురం): దారిద్ర్యం ఒప్పు. ద కింద ముందు ర, ఆ తర్వాత య. టైపు చేసేటప్పుడు ద, పొల్లు, ర, పొల్లు, య వరసలో కొట్టాలి. ర, య తారుమారైనా చూపుకి ఇంచుమించు ఒకలాగే ఉంటుంది, అందుకే దిద్దేవాళ్ళకి దొరకదు. నెట్‌లో వెతికినప్పుడు మాత్రం దొరక్కుండా పోతుంది.

ఇక అర్థం. సంస్కృతంలో 'ద్రా' అంటే పరుగెత్తడం. పదేపదే అటూఇటూ పరుగెత్తేవాడు దరిద్రుడు. అంటే మొదట చెప్పింది నిలకడ లేని బతుకుని, గుణాన్ని కాదు. లక్ష్మి అక్క జ్యేష్ఠాదేవిని దరిద్రదేవత అన్నాక లేమి అశుభమైంది. 'దరిద్రం చుట్టుకుంది', 'దరిద్రపుగొట్టు మొహం' అనడం ఆ చూపే. ఇది అంటురోగం గురించి మాట్లాడినట్టుంటుంది.

పాలకొల్లు: వ్యాకరణంలోనూ 'పేద', 'దరిద్ర' రెండిటి దారీ వేరండి. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం పేద + ఆలు = పేదరాలు, మధ్యలో రుగాగమం, అంటే ఒక ర వచ్చి చేరడం. దరిద్ర తత్సమం (సంస్కృతం నుంచి వచ్చిన మాట) కాబట్టి చివరి అకారం ఉకారమై దరిద్రురాలు. 'పేదురాలు' తప్పు, 'దరిద్రరాలు' కూడా తప్పు. పెద్దరికం లాగే పేదరికం, కాబట్టి 'పేదరిక రేఖ'కి ఏ అడ్డూ లేదు. 'కలిమిలేములు కావడికుండలు' అన్న సామెత చూడండి: రెండు కుండలూ ఒకే బద్దకి, ఒకే భుజం మీద. అందులో నింద లేదు.

భీమవరం: రేఖ అన్నది కొలత. 1979లో ప్రణాళికా సంఘం వేసిన అలఘ్ బృందం పల్లెలో మనిషికి రోజుకి 2400 కేలరీలు, పట్నంలో 2100 అని లెక్కగట్టింది. 1973-74 ధరల్లో అది నెలకి పల్లెలో 49.09 రూపాయలు, పట్నంలో 56.64. ఇల్లు, వైద్యం, చదువు ఆ కేలరీల్లో లేవు. 2009లో ఆర్థికవేత్త సురేశ్ టెండూల్కర్ కమిటీ చదువు, వైద్యం ఖర్చుల్ని లెక్కలోకి తెచ్చింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, జనం నోట పేదవాడికి గుర్తు రేషన్ కార్డే అయింది. శాపం పోయి లెక్క వచ్చింది, మాట మాత్రం పాతదే మిగిలింది. అదే నాకు బాధ.

అమలాపురం: కోనసీమలో ఎవరూ తమని తాము 'దరిద్రులం' అనుకోరు. 'లేనోళ్ళమండి' అంటారు.