1932 నాటి ఆల్బియన్ బస్సును దగ్గర నుంచి చూడాలంటే ఎవరిని అడగాలి?

మా నాన్నగారు రిటైర్డ్ బస్సు కండక్టర్. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టింది కదా, ఆ కాలం నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ హైదరాబాద్‌లో భద్రంగా ఉంది. దాన్ని ఆయనకు చూపించాలని నా కోరిక. ఫోన్‌లో ఫొటో పెద్దది చేసుకుని, ముందుకు పొడుచుకొచ్చిన ఆ బానెట్‌నే చూస్తూ కూర్చుంటారు.

ఆన్‌లైన్‌లో దొరికిన నంబరుకు ఉదయం పది తర్వాతా, సాయంత్రమూ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఆదివారం ఆటోలో తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేసి పర్మిషన్ లెటర్ తెమ్మన్నారు. అది ఎవరికి రాయాలో వాళ్లకూ తెలియదు. సాలార్‌జంగ్‌లాగా టికెట్ కొని లోపలికి వెళ్లే చోటు కాదది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఊరికే తిప్పలేను.

ఈ మధ్య చూసొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి: మీరు అనుమతి ఏ అధికారి దగ్గర తీసుకున్నారు?