‘రెంట్’కు తెలుగు మాట: భాటకమా, శిస్తా, కౌలా?

తిరుపతి నుంచి ప్రశ్న:
హెన్రీ జార్జ్ మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. సంపద పెరుగుతున్నా పేదరికం పోకపోవడానికి మూలం నేల మీది గుత్తాధిపత్యమేనని, మిగతా పన్నులన్నీ ఎత్తేసి నేల విలువ మీద ఒక్క పన్నే ఉంచాలని 1879లో వాదించిన అమెరికన్ ఆయన. ఆయన వాడిన ‘రెంట్’ దగ్గర నా కలం ఆగిపోయింది. పాఠ్యపుస్తకాల్లో భాటకం అని ఉంది. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. శిస్తు అనవచ్చా?

చిత్తూరు నుంచి జవాబు:
భాటకం మీ ఇంట్లో తెలియకపోవడమేమిటమ్మా! మనం ఇంటికి కట్టే బాడుగ దాని వికృతే. కాకపోతే బాడుగ అనగానే గోడలు, పైకప్పు, వాకిలి అన్నీ కలిసి వస్తాయి. జార్జ్ చెప్పినది వీటన్నిటినీ తీసేశాక మిగిలే వట్టి నేలకు రావలసినది. అందుకని బాడుగ కుదరదు.

శిస్తు మాత్రం దయచేసి వద్దు. శిస్తు సర్కారుకు పోయేది. జార్జ్ ‘రెంట్’ నేల తనదైనందుకే యజమానికి దక్కేది. ఆ రెండోదాన్ని మొదటిదిగా మార్చాలన్నదే ఆయన వాదమంతా. రెంటికీ ఒకే మాట వాడితే వాదమే మాయమవుతుంది.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. కార్వేటినగరం, శ్రీకాళహస్తి జమీందారులకు 1802 శాశ్వత పరిష్కారం కింద సనదులు, అంటే హక్కు పత్రాలు, వచ్చాయి. వాళ్లు ఈస్టిండియా కుంపిణీకి కప్పంగా కట్టే పేష్కష్‌ మారకుండా నిలిచిపోయింది. బీళ్లు సాగులోకి వచ్చి, జనం పెరిగి, నేల విలువ పెరిగినకొద్దీ రైతుల నుంచి రాబడి పెరిగేది. పేష్కష్ పోగా మిగిలినది జమీందారుదే. ఆ మిగులులో అతను చెరువుకో కాలువకో పెట్టిన ఖర్చును పక్కన పెట్టండి. ఇక ఉన్నది జార్జ్ చెప్పిన ‘రెంట్’. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. నేలకున్న ఆ గుణం పోలేదు. బైపాస్ రోడ్డు పడగానే తిరుపతి పక్కన అంకణం (ఇంటి స్థలాల కొలత) ధర ఎలా లేస్తుందో మీకు నేను చెప్పాలా? స్థలం కొని కంచె వేసి ఊరుకున్న మనిషి అక్కడ గడ్డి కూడా పీకలేదు. రోడ్డు ఊరందరి డబ్బుతో వేసినది. ఇది తలచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

నా ఓటు ‘నేల కౌలు’కు. పొలం కౌలులో బావి, మోటారు, గట్టు మీది చెట్లు కలిసి ఉంటాయి కాబట్టి ‘నేల’ అన్న మాట ముందుండాలి. ఆయన కోరిన పన్నుకు అప్పుడు శిస్తు వాడుకోండి. కానీ రైత్వారీ (సర్కారు నేరుగా రైతు దగ్గరే వసూలు చేసుకునే పద్ధతి) నాటి శిస్తు వేరని ఒక వాక్యం రాయండి. అది పొలాన్ని సారాన్ని బట్టి తరాలుగా, అంటే తరగతులుగా, విడదీసి, పండే పంటను లెక్కగట్టి వేసినది. ఊరి నడుమ ఖాళీ స్థలం ధర దాని లెక్కలోకి రాదు.

ఇంకొకటి. మీ ప్రశ్నలోనే ‘గుత్తాధిపత్యం’ ఉంది, గమనించారా? పొలాన్ని ఏడాదికి ఇంత అని గుత్తకిస్తాం కదా, ఆ గుత్తే. మోనోపలీకి తెలుగు మాట కావలసివచ్చినప్పుడు మనవాళ్లు పొలంగట్టు మీదికే వెళ్లారు. ఆ మాటను మాత్రం మార్చకండి.

తిరుపతి నుంచి:
భాటకం కొట్టేసి నేల కౌలు అని రాసి, మా నాన్నగారికి చదివి వినిపించాను. “సొంత నేలకు కౌలు ఎవరికి కట్టాలి?” అని అడిగారు. ఊరికి అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ ప్రశ్నను అలాగే వ్యాసానికి మొదటి వాక్యంగా పెడుతున్నాను. ‘సింగిల్ టాక్స్’ ఇంకా మిగిలింది. ఏకపన్ను అంటే సంస్కృతం, తెలుగు అతుకు వేసినట్టుంది. ఒంటిపన్ను అంటే తలకింత అని వేసే పన్ను అనుకుంటారేమో. ‘ఒక్క శిస్తు’ అంటే సరిపోతుందా?