విండోస్ 10 సపోర్టు ఆగింది: మన డీటీపీ షాపులకు లినక్స్ కుదురుతుందా?

ఒంగోలు డీటీపీ
కర్నూలు రోడ్డులో చిన్న షాపు నాది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, కోర్టు కాగితాల టైపింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు, అంటే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగిపోయింది. నా సిస్టమ్‌లన్నీ ఆరో తరం ఐ3 ప్రాసెసర్లవి. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. మిషన్లు మాత్రం ఇంకా బాగా నడుస్తున్నాయి, పారేయడానికి మనసు రావడం లేదు. తెలిసినవాళ్ల అబ్బాయి విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోమంటున్నాడు. మన పనులకు అది నిలబడుతుందా?

కోవూరు లెక్కలు
వద్దన్నా. నేను రొయ్యల మేత షాపులకు లెక్కలు చూస్తాను. లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌కు లినక్స్ వెర్షన్ లేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడిపే వైన్ పెట్టి నడపొచ్చంటారు గానీ, రైతుల ఖాతాలన్నీ అందులో ఉండగా సీజన్ మధ్యలో ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి? డిజిటల్ సంతకం టోకెన్లు, వేలిముద్ర మిషన్ల డ్రైవర్లు ఇంకో టెన్షన్. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003లో లినక్స్‌కు మారాలని తీర్మానించి, 2017లో మళ్లీ విండోస్‌కు పోతామంది. అంత పెద్ద ఐటీ విభాగం ఉన్నవాళ్లే నిలవలేకపోతే షాపువాడు ఏం చేస్తాడు?

నెల్లూరు సర్వీస్
పొగతోటలో సిస్టమ్‌లు బాగుచేస్తుంటాను. నా దగ్గరికి వైరస్‌తో వచ్చేవాటిలో ఎక్కువ లైసెన్సు లేని క్రాక్ కాపీలే. యాంటీవైరస్ ఆపేస్తే గానీ ఆ క్రాక్ ఎక్కదు, అక్కడే తలుపు తెరిచినట్టు. ఆరో తరం ఐ3కి హార్డ్ డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేస్తే మింట్ హాయిగా నడుస్తుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా బూట్ చేసి ప్రింటర్, స్కానర్ పలుకుతున్నాయో లేదో చూడండి. హార్డ్ డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు. తొందర కూడా వద్దు. విండోస్ 10కి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు ఉన్నాయి.

కావలి మాస్టారు
ట్యాలీ విషయంలో కోవూరు తమ్ముడు చెప్పింది నిజం. అది నడిచే సిస్టమ్ జోలికి పోవద్దు. కానీ అడిగింది డీటీపీ షాపాయన. ఆయన్ను కట్టేసింది విండోస్ కాదు, పాత పద్ధతి అనూ తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్.

అనూలో కొట్టిన తెలుగు కంప్యూటర్ దృష్టిలో తెలుగే కాదు. ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలుగా పెట్టి తెరమీద తెలుగులా చూపిస్తుంది. ఆ ఫాంట్ లేని చోట అదే ఫైలు తెరిస్తే అర్థంలేని గుర్తులు. వెతికితే దొరకదు, వాట్సాప్‌లో అతికిస్తే చదవడానికి రాదు. పేజ్‌మేకర్‌కేమో 2001లో వచ్చిన 7.0 తర్వాత కొత్త వెర్షనే లేదు. మన జిల్లాల్లో ఎన్ని ఊళ్ల కరపత్రాలు, గుడి పుస్తకాలు, సంఘాల రికార్డులు ఈ రెండింటి మధ్య ఇరుక్కుని ఉన్నాయో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. అవి రాయించుకున్నవాళ్లే రేపు తెరవలేరు.

అందుకే ఆపరేటింగ్ సిస్టమ్ తర్వాత, ముందు ఫైళ్లు మార్చండి. విండోస్ మీదే మొదలుపెట్టొచ్చు. కొత్త పనులన్నీ యూనికోడ్‌లో కొట్టండి, అంటే ఏ కంప్యూటరైనా, ఫోనైనా తెలుగుగానే గుర్తించే పద్ధతిలో. టైపింగ్‌కు లిబ్రెఆఫీస్, పేజీలు కూర్చడానికి స్క్రైబస్, ఈ రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లూ విండోస్‌లోనూ నడుస్తాయి. స్క్రైబస్‌లో ఒకప్పుడు తెలుగు వత్తులు చెదిరిపోయేవి, 2024లో వచ్చిన 1.6లో సరిగ్గా కూర్చుంటున్నాయి. ఫాంట్లకూ కొరత లేదు. మండలి, రామభద్ర, గిడుగు, ఎన్టీఆర్, శ్రీకృష్ణదేవరాయ అన్నీ ఓపెన్ లైసెన్సువే. పత్రికల్లో ధైర్యంగా వాడుకోవచ్చు, ఎవరికీ భయపడక్కర్లేదు. చేతి పని అంతా వీటిమీదికి వచ్చాక కింద విండోస్ ఉన్నా మింట్ ఉన్నా మీకు తేడా తెలియదు.

కోవూరు లెక్కలు
పాత ఫైళ్ల సంగతి చెప్పండి మాస్టారూ. పోయినేడు పత్రిక వేయించుకున్నవాళ్లే ఈ ఏడు వచ్చి, పేర్లు మార్చి అదే ఇవ్వమంటారు. ప్రెస్‌వాళ్లు పేజ్‌మేకర్ ఫైలే అడుగుతారు. ఆపరేటర్ చెయ్యి అనూలో యాపిల్ అనే కీబోర్డు అమరికకు అలవాటు పడి ఉంటుంది. మీరు ఉచితం అంటున్నారు గానీ, ఆ నేర్చుకునే రోజుల కూలి ఎవరిస్తారు?

కావలి మాస్టారు
కూలి షాపాయనే భరించాలి, అందులో దాపరికం లేదు. అందుకే ఒక్కసారిగా వద్దంటున్నాను. ఒక సిస్టమ్‌ను విండోస్‌తోనే ఉంచి, నెట్ తీసేసి, పాత అనూ పనులకు వదిలేయండి. మళ్లీ అడిగిన ఫైలు వచ్చినప్పుడే దాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చండి. వత్తుల దగ్గర తప్పులు పడతాయి, ప్రూఫ్ చూడక తప్పదు. పేజ్‌మేకర్ ఫైళ్లు లిబ్రెఆఫీస్‌లోని డ్రా అనే ప్రోగ్రాములో తెరుచుకుంటాయి గానీ లోపలి అక్షరాలు అనూవే కాబట్టి ఆ దారి తెలుగుకు పెద్దగా పనికిరాదు. ప్రెస్‌కు మాత్రం ఫాంట్లు ఫైలులోనే ఇమిడి ఉండేలా ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ ఇవ్వండి. అచ్చు ప్లేటుకు కావలసింది అదే.

మ్యూనిక్ గురించి: 2013 నాటికి అక్కడ సుమారు 15 వేల సిస్టమ్‌లు లినక్స్ మీదే పనిచేశాయి. తర్వాత నగర సభలో పెద్దల నిర్ణయం మారింది. ఇక్కడ మన దక్షిణాదిలోనే కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు లినక్స్ మీదే కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. ఆ టీచర్లకూ మొదట్లో శిక్షణ ఇచ్చారు. మనకు లేనిది ఆ శిక్షణే.

నెల్లూరు సర్వీస్
యాపిల్ కీబోర్డు కోసం: మింట్‌లో భారతీయ భాషల టైపింగ్‌కు వాడే ఐబస్, దానితో పాటు కీబోర్డు అమరికలుండే ఎం17ఎన్ ప్యాకేజీ వేయండి. తెలుగు కింద ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, పోతన, ఆర్టీఎస్ అన్నీ కనిపిస్తాయి. మీ ఆపరేటర్‌ను కూర్చోబెట్టి ఒక పేజీ కొట్టించి చూడండి, ఏ కీ దగ్గర తడబడుతుందో అప్పుడే తెలుస్తుంది.

ఒంగోలు డీటీపీ
సరే అన్నలూ. కోర్టు కాగితాల టైపింగ్‌లో డిజైన్ ఉండదు కాబట్టి దానితో మొదలుపెడతాను. ఒక సిస్టమ్‌లో మింట్, యూనికోడ్. పత్రికల పని ఈ పెళ్లిళ్ల సీజన్ దాటేదాకా పాత దాంట్లోనే. వేలిముద్ర మిషన్ మా దగ్గరున్నది విండోస్ డ్రైవర్‌తోనే ఇచ్చారు, దాన్ని కదిలించను. మాస్టారూ, ఇంగ్లిష్, తెలుగు ఒకే లైన్లో కలిసి వచ్చినప్పుడు లిబ్రెఆఫీస్‌లో తెలుగుకు వేరే ఫాంట్, వేరే సైజు పడుతోంది. అది ఎక్కడ సరిచేయాలి?

కావలి మాస్టారు
అది లోపం కాదు. స్టైల్స్‌లోకి వెళ్లి ఫాంట్ పేజీ తెరవండి. పాశ్చాత్య భాషలకు ఒక ఫాంట్, భారతీయ భాషలున్న కాంప్లెక్స్ విభాగానికి ఇంకో ఫాంట్ విడివిడిగా ఉంటాయి. రెండో దాంట్లో మండలి పెట్టి, సైజు మీకు నచ్చినట్టు పెంచి, ఆ పత్రాన్ని టెంప్లేట్‌గా దాచి, దాన్నే డిఫాల్ట్ టెంప్లేట్‌గా పెట్టుకోండి. ఆ తర్వాత కొత్త కాగితం తెరిచిన ప్రతిసారీ అదే వస్తుంది.